గ్యాసు అయిపోదు, కారిపోతుంది

ప్రశ్న: మాది కావలి. రోజూ ఉద్యోగానికి నెల్లూరు పోయి వస్తుంటాను. కారు 2015 మోడలు, చిన్న పెట్రోలు బండి, 82 వేల కిలోమీటర్లు తిరిగింది. హైవే మీద ఏసీ బాగానే ఉంటుంది. కోవూరు దాటి పెన్నా వంతెన దగ్గర బండ్లు ఆగినా, ట్రంకు రోడ్డులో ఇరుక్కున్నా పది నిమిషాల్లో ఉత్త గాలే వస్తుంది. పోయిన ఉగాదికి ఒకసారి, దసరాకు ఒకసారి, ఇప్పుడు మళ్లీ ఒకసారి గ్యాసు కొట్టించాను. కొట్టించిన ప్రతిసారీ కొన్నాళ్లు బాగుండి మళ్లీ మొదటికొస్తోంది. ఈసారి వారం కూడా ఆగలేదు. కంప్రెసరే పోయింది, మార్చాల్సిందే అంటున్నాడు మెకానిక్కు. పాతిక వేలకు పైనే అవుతుందంట. ఇంట్లో చిన్నబిడ్డ ఉంది, ఎండాకాలం నెత్తి మీదికి వచ్చింది. మార్చించేదా?
— ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఇప్పుడే మార్చించవద్దు. హైవే మీద చల్లగా ఉండి, బండి ఆగితే వేడిగాలి కొట్టే ఏసీకి కారణాలు కొన్ని ఉన్నాయి. కంప్రెసరు అరిగిపోవడం వాటిలో ఒకటి మాత్రమే, అన్నిటికన్నా ఖరీదైనది. మిగతావన్నీ చూసి కాదనుకున్నాకే దాని దగ్గరికి రావాలి. మీరు రాసిన తీరు చూస్తే బండిలో రెండు జబ్బులు కలిసి ఉన్నట్టుంది. గ్యాసు ఎక్కడో మెల్లగా కారిపోతోంది, అందుకే ఏడాదిలో మూడుసార్లు నింపాల్సి వచ్చింది. బండి నిలబడినప్పుడు, ఏసీ వేడిని బయటికి వదిలే ముందున్న కండెన్సరుకు గాలి చాలడం లేదు, అందుకే ట్రాఫిక్కులో ఉడుకుతోంది. ఈసారి వారం కూడా ఆగలేదంటే, తూకం లేకుండా ఎక్కువ గ్యాసు పట్టించి ఉండొచ్చు కూడా. వీటిలో సగం మీ ఇంటి ముందే తేల్చుకోవచ్చు.

ఏసీ గ్యాసు పెట్రోలు లాగా కాలిపోయేది కాదు, ఇంజను ఆయిలు లాగా మాడేదీ కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాసు మళ్లీ మళ్లీ తిరుగుతుంది. రబ్బరు పైపుల గుండా, కంప్రెసరు ఇరుసు దగ్గరి సీలు గుండా ఏళ్ల తరబడి అతి కొద్దిగా ఊరిపోవడం మామూలే. కానీ ఐదారు నెలలకే మళ్లీ నింపాల్సి వస్తోందంటే ఎక్కడో చిల్లు ఉంది. పంచరు వేయకుండా రోజూ గాలి కొట్టిస్తే టైరు బాగవుతుందా? మీ బండికి ఇప్పటిదాకా జరిగింది అదే. పైగా టైరులో గాలి పోతే గాలే పోతుంది. ఏసీలో గ్యాసుతో పాటు కంప్రెసరుకు ప్రాణమైన నూనె కూడా పోతుంది. గ్యాసు ఒక్కటే నింపి నూనె సంగతి వదిలేస్తే, ఇవాళ బాగున్న కంప్రెసరు కూడా ఏడాది రెండేళ్లలో నిజంగానే పట్టేస్తుంది.

ఇక బండి ఆగితే ఎందుకు వేడెక్కుతుందో చూద్దాం. ఏసీ చలిని పుట్టించదు, కారు లోపలి వేడిని మోసుకెళ్లి బయట పారబోస్తుంది. డ్యాష్‌బోర్డు లోపల ఉండే కూలింగ్ కాయిలులో గ్యాసు మరిగి, లోపలి గాలిలోని వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసరు దాన్ని నొక్కి బాగా వేడి చేసి, రేడియేటరుకు ముందున్న కండెన్సరులోకి తోస్తుంది. అక్కడ బయటిగాలి తగిలి ఆ వేడి పోయి, గ్యాసు ద్రవంగా మారుతుంది. హైవే మీద 80 కిలోమీటర్ల వేగంలో ఆ గాలి దానంతటదే కొడుతుంది, ఫ్యాన్ లేకపోయినా పని నడిచిపోతుంది. బండి ఆగిన క్షణం నుంచి భారమంతా ఫ్యాన్ మీదే. పైన రోహిణి కార్తె ఎండ, కింద తారు రోడ్డు సెగ, ముందున్న లారీ పొగ. ఫ్యాన్ సరిగా తిరగకపోయినా, కండెన్సరు రెక్కల్లో దుమ్ము పట్టినా వేడి పోయే దారి ఉండదు. గొట్టాల్లో ఒత్తిడి పెరిగి పెరిగి ఒక హద్దు దాటాక, ప్రెషరు స్విచ్చి కంప్రెసరును ఆపేస్తుంది. దాంతో వెంట్లలోంచి ఉత్త గాలి. హైవే ఎక్కగానే మళ్లీ చల్లబడుతుంది. మీ ఉత్తరంలో ఉన్నది అచ్చం ఈ వరసే.

అయితే అరిగిపోయిన కంప్రెసరు కూడా దాదాపు ఇలాగే ప్రవర్తిస్తుంది. ఇంజను వేగంగా తిరిగేటప్పుడు ఎలాగో నెట్టుకొస్తుంది, స్లోలో నిలబడితే చాలదు. మెకానిక్కు ఆ మాట అనడానికి కారణం అదే అయి ఉండొచ్చు. ఈ రెంటినీ విడదీసే పరీక్షకు మీకు కావలసింది తీగతో వచ్చే చిన్న డిజిటల్ థర్మామీటరు. రొయ్యల గుంటల్లో నీళ్ల వేడి చూడటానికి వాడేది చాలు.

బండిని నీడలో, గోడకు దూరంగా ఆపి ఇంజను వేయండి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్ బ్రేకు లాగి ఉండాలి. ఏసీ చలి నాబు చివరిదాకా, బ్లోయరు ఫుల్లు, లోపలి గాలే తిరిగే బటను ఆన్, అద్దాలు మూసి, థర్మామీటరు మొన నడిమి వెంటులోకి దూర్చండి. పది నిమిషాలాగి అంకె రాసుకోండి. 35, 40 డిగ్రీల ఎండలో మంచి ఏసీ హైవే మీద 6 నుంచి 10 డిగ్రీల గాలినిస్తుంది, నిలబడి ఉంటే 12 నుంచి 15 దాకా ఉన్నా తప్పు కాదు. 20 దాటితే జబ్బున్నట్టే.

ఇప్పుడు కదలకుండానే యాక్సిలరేటరు తొక్కి ఇంజనును 1,500, 2,000 ఆర్‌పీఎం మధ్య రెండు నిమిషాలు ఉంచండి. బండి కదలలేదు కాబట్టి కండెన్సరుకు కొత్తగా గాలేమీ తగల్లేదు, కంప్రెసరు మాత్రం వేగంగా తిరిగింది. అంకె గబగబా ఐదారు డిగ్రీలు దిగితే కంప్రెసరు బలం తగ్గింది, లేదా బెల్టు జారుతోంది, లేదా గ్యాసు తక్కువగా ఉంది. అంకె కదలకపోయినా, ఇంకా పెరిగినా జబ్బు కండెన్సరు వైపుంది.

తర్వాత నీళ్ల పరీక్ష. ఇంజను, ఏసీ నడుస్తుండగానే ముందు జాలీలోంచి కండెన్సరు మీద మంచినీళ్లు సన్నగా చల్లండి. మొక్కలకు కొట్టే చేతి స్ప్రే చాలు. తీరంలో బోరు నీళ్లలో ఉప్పుంటుంది, అవి వద్దు. ఫ్యాన్ మోటారు మీద, వైర్ల మీద పడకుండా చూసుకోండి. నీరు ఆవిరవుతూ వేడిని లాగేస్తుంది. రెండు నిమిషాల్లో వెంటు గాలి బాగా చల్లబడితే మీ కంప్రెసరు బాగానే ఉందని దాదాపు నమ్మొచ్చు. అప్పుడు చూడాల్సింది ఫ్యాన్, దుమ్ము, ఎక్కువైన గ్యాసు, ఈ మూడే.

ఫ్యాన్‌ను చూసేటప్పుడు బానెట్ ఎత్తి దూరంగా నిలబడండి. అది ఎప్పుడైనా దానంతటదే తిరగొచ్చు, కండువా, చీర కొంగు, చేతి వేళ్లు దగ్గరికి పోనివ్వకూడదు. ఏసీ వేయగానే టక్కుమని, కంప్రెసరును దాని పుల్లీకి కలిపే క్లచ్చి పట్టుకున్న చప్పుడు వినిపించాలి. చాలా కార్లలో దాని వెంటే ఫ్యాన్ కూడా తిరగాలి. ఇంజను వేడెక్కాకే తిరుగుతోందంటే తక్కువ వేగానికి వాడే రెసిస్టరు పోయిందనుకోవచ్చు. అది పోతే ఎక్కువ వేగం మాత్రమే మిగులుతుంది, ఆ వేగం అందుకునేలోపే లోపల మీరు చెమటలో తడిసిపోతారు. ఫ్యాన్ తిరుగుతుంటే ఒక న్యూస్‌పేపరు ముక్కను ముందు జాలీకి ఆనించండి. లోపలికి పీల్చుకుని అతుక్కుపోవాలి. వదులుగా జారిపోతే మోటారు బ్రష్షులు అరిగి నీరసంగా తిరుగుతోంది. ఎగిరి అవతల పడితే మోటారు మార్చినప్పుడు వైర్లు తారుమారు చేశారు, ఫ్యాన్ ఎదురు తిరుగుతోంది. ఎదురు తిరిగే ఫ్యాన్ కంటికి బాగా తిరుగుతున్నట్టే కనిపిస్తుంది, అందుకే కాగితం పెట్టి చూడమంటున్నాం.

దుమ్ము సంగతి మన జిల్లాల్లో ప్రత్యేకంగా చెప్పాలి. కోతల కాలంలో వరి పొట్టు, గడ్డి నలుసులు గాల్లో లేచి రెక్కల్లో ఇరుక్కుంటాయి. చీమకుర్తి వైపు తిరిగే బండ్లకైతే గ్రానైటు పొడి తేమతో కలిసి సిమెంటు పూతలా గట్టిపడుతుంది. ముందు నుంచి చూస్తే కండెన్సరు శుభ్రంగానే ఉంటుంది, అసలు చెత్త దాని వెనక, కండెన్సరుకూ రేడియేటరుకూ మధ్య సందులో పేరుకుంటుంది. పై బ్రాకెట్టు బోల్టులు విప్పి రేడియేటరును కాస్త వెనక్కి వంచితే గానీ అది కనబడదు. పైపు కనెక్షన్లు విప్పనక్కరలేదు. ఇంజను చల్లారాక మామూలు ట్యూబుతో, ఇంజను వైపు నుంచి బయటికి నీళ్లు పట్టాలి. ముందు నుంచి పడితే దుమ్ము ఇంకా లోపలికి పోతుంది. వాటర్ సర్వీసింగులో వాడే ప్రెషరు గన్ దగ్గర పెట్టి కొడితే అల్యూమినియం రెక్కలు వంగి దారులు మూసుకుపోతాయి. యాసిడ్ కలిసిన క్లీనర్లు అసలు తగలనివ్వద్దు.

ఇంకొకటి ట్రాఫిక్కులోనే చూడాలి. ఉత్త గాలి మొదలైన ఆ నిమిషంలో బండి పక్కకు తీసి, ఏసీ ఆన్‌లో ఉండగానే బానెట్ ఎత్తి కంప్రెసరు ముందు మొహం చూడండి. బయటి పుల్లీ ఎప్పుడూ తిరుగుతుంది. దాని ముందున్న పళ్లెం కూడా తిరుగుతోందా, ఆగి ఉందా? తిరుగుతుంటే కంప్రెసరు పనిలోనే ఉంది. ఆగి ఉంటే క్లచ్చి పట్టుకోలేదు. అప్పుడు మెకానిక్కు క్లచ్చి వైరు దగ్గర మీటరు పెట్టి 12 వోల్టులు వస్తున్నాయేమో చూడాలి. రాకపోతే ప్రెషరు స్విచ్చి కట్ చేస్తోంది, లేదా రిలే, ఫ్యూజు. 12 వోల్టులు వస్తున్నా పట్టుకోకపోతే పళ్లేనికీ పుల్లీకీ మధ్య సందు పెరిగింది. ఆ సందు చాలా కంప్రెసర్లలో 0.3 నుంచి 0.6 మిల్లీమీటర్లు ఉండాలి. అరిగే కొద్దీ అది పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు పట్టుకుంటుంది, కాయిలు వేడెక్కాక అయస్కాంతం బలం తగ్గి లాగలేదు. కాసేపు ఆపి మళ్లీ వేస్తే మామూలుగా పనిచేస్తుంది. దీనికి మందు పళ్లెం వెనకున్న సన్నటి షిమ్ (రేకు వాషరు) ఒకటి తీసి సందు సరిచేయడం. అదీ కుదరకపోతే క్లచ్చి సెట్టు మాత్రం మార్చడం. ఈ చిన్న పనికి కంప్రెసరు మొత్తం మార్చేసిన బండ్లు ఉన్నాయి, అందుకే ఇంత వివరంగా చెప్పాల్సి వచ్చింది.

ఇంటి పరీక్షలయ్యాక గ్యారేజీకి వెళ్లండి. అక్కడ గేజి పెట్టినప్పుడు రెండు వైపులా చూడాలి, నీలం గొట్టం తక్కువ ఒత్తిడి వైపు (లో సైడు), ఎర్ర గొట్టం ఎక్కువ ఒత్తిడి వైపు (హై సైడు). ఇంజను ఆపి ఉన్నప్పుడు గేజి చూపించి “ప్రెషరు బాగుందండీ, గ్యాసు నిండుగా ఉంది” అంటే ఒప్పుకోవద్దు. గొట్టాల్లో ఒక్క గుక్కెడు ద్రవం మిగిలున్నా ఆగిన బండిలో ఒత్తిడి బయటి వేడిని బట్టే నిలుస్తుంది. మీ నాటి కార్లలో మామూలుగా వాడే ఆర్-134ఎ గ్యాసుకు 35 డిగ్రీల దగ్గర అది సుమారు 114 పీఎస్‌ఐ. 100 గ్రాములున్నా అంతే, 400 గ్రాములున్నా అంతే. ఆ అంకె గ్యాసు ఉందని చెబుతుంది గానీ ఎంతుందో చెప్పదు.

ఏసీ నడుస్తుండగా, 1,500 ఆర్‌పీఎం దగ్గర, 35 డిగ్రీల వేడిలో లో సైడు దాదాపు 35 నుంచి 50, హై సైడు 220 నుంచి 280 పీఎస్‌ఐ మధ్య ఉంటే మంచిది. రెండూ బాగా తక్కువగా ఉంటే గ్యాసు కారిపోయింది. రెండూ ఎక్కువగా, లో సైడు 60 దాటి, హై సైడు 350 పైకి పోతుంటే వేడి బయటికి పోవడం లేదు: ఫ్యాన్, దుమ్ము, ఎక్కువ గ్యాసు, లేదా గొట్టాల్లో మామూలు గాలి చేరింది. లో సైడు 70, 80 దగ్గర ఉండి హై సైడు 150 దాటకపోతే కంప్రెసరు నొక్కలేకపోతోంది. కంప్రెసరు మార్చమనడానికి కావలసిన రుజువు ఇదే. మీ మెకానిక్కును ఆ రెండు అంకెలూ చూపించమని అడగండి. పని తెలిసినవాడు సంతోషంగా చూపిస్తాడు.

ఇక లీకు. గ్యాసుతో నూనె కూడా బయటికొస్తుంది కాబట్టి, చిల్లున్న చోట నూనె తడికి దుమ్ము అంటుకుని నల్లటి మరక కడుతుంది. టార్చి వేసి వెతికితే సగం లీకులు అలాగే దొరుకుతాయి. కండెన్సరు కింది మూలలు, పైపులు కలిసే బిగింపులు, కంప్రెసరు క్లచ్చి వెనక, గేజి తగిలించే వాల్వులు. ఆ వాల్వు లోపల టైరు ట్యూబులో ఉన్నట్టే చిన్న పిన్ను ఉంటుంది, దాని మీది ప్లాస్టిక్ మూత పోగొట్టుకోవద్దు, గ్యాసును ఆపే రెండో అడ్డు అదే. మీది కావలి కాబట్టి కండెన్సరునే ముందు అనుమానించాలి. సముద్రపు ఉప్పుగాలి అల్యూమినియాన్ని సన్నగా తినేస్తుంది. రొయ్యల లారీల్లోంచి రోడ్డు మీద కారే ఉప్పునీళ్లు, ఎగిరొచ్చే కంకర దానికి తోడు. సముద్రం ఒడ్డున ఉన్న తుమ్మలపెంట వైపు వెళ్లొచ్చిన రోజున ముందు జాలీ మీద రెండు బకెట్ల మంచినీళ్లు పోసినా కండెన్సరు ఆయుష్షు పెరుగుతుంది.

కంటికి కనబడని లీకుకు నైట్రోజను పరీక్ష చేయించండి. ఉన్న గ్యాసును మిషనుతో సిలిండరులోకి తీసి, పొడి నైట్రోజను 150 పీఎస్‌ఐ దాకా నింపి, అన్ని బిగింపుల మీదా సబ్బు నురగ రాస్తారు. బుడగ ఎక్కడ లేస్తే లీకు అక్కడే. టైర్లకు గాలి కొట్టే కంప్రెసరుతో ఈ పరీక్ష చేయనివ్వద్దు, తేమంతా లోపలికి పోతుంది. ఆక్సిజను సిలిండరు దగ్గరికి కూడా రానివ్వద్దు, నూనెతో కలిస్తే పేలుతుంది. “వ్యాక్యూమ్ నిలబడింది కాబట్టి లీకు లేదు” అనే మాట చాలా షాపుల్లో వింటాం. వ్యాక్యూమ్‌లో గొట్టం లోపలికీ బయటికీ తేడా 15 పీఎస్‌ఐ కూడా ఉండదు. నడిచేటప్పుడు అదే గొట్టంలో 250 ఉంటుంది. సన్నటి చిల్లు వ్యాక్యూమ్‌లో దొరక్కుండా తప్పించుకుని, ఏసీ నడిచేటప్పుడు గ్యాసు వదిలేస్తుంది.

డ్యాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిలు కారుతోందేమో అన్నది కష్టమైన ప్రశ్న, డ్యాష్‌బోర్డు విప్పాలంటే ఒక రోజు పని. ముందు నీళ్లు కారే డ్రెయిన్ పైపు దగ్గర ఎలక్ట్రానిక్ లీకు డిటెక్టరు పెట్టి చూడమనండి, లేదా మెరిసే రంగు కలిపి వారం నడిపాక ఆ పైపు మొనను నీలి లైటుతో చూడమనండి. అక్కడ రుజువు దొరికితేనే విప్పించండి.

లీకు దొరికి, భాగమో ఓ-రింగో మార్చాక, గ్యాసు నింపే పద్ధతిలో మీరు పట్టు విడవకూడనివి కొన్ని ఉన్నాయి. ఓ-రింగులు ఏసీ కోసమే చేసినవి కావాలి, మామూలు రబ్బరు వాషరు ఈ గ్యాసుకూ నూనెకూ ఉబ్బి పాడవుతుంది. మూడుసార్లు నింపిన బండి కాబట్టి, ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి డ్రయ్యరు కొత్తది వేయించండి, తేమను పీల్చే గుళికలు అందులోనే ఉంటాయి. పోయిన నూనెను కొలిచి పోయాలి. కండెన్సరు మారిస్తే సాధారణంగా 20 నుంచి 30 మిల్లీలీటర్లు. మీ కంప్రెసరుకు చెప్పిన రకం పాగ్ నూనే కావాలి, ఫ్రిజ్ రిపేరు షాపులోని మినరల్ నూనె ఈ గ్యాసుతో కలవదు. కనీసం అరగంట, వీలైతే 45 నిమిషాలు వ్యాక్యూమ్ పంపు నడవాలి. లోతైన వ్యాక్యూమ్‌లో నీరు 25, 30 డిగ్రీల దగ్గరే మరిగి ఆవిరై బయటికి పోతుంది. ఐదు నిమిషాల వ్యాక్యూమ్‌తో గాలి పోతుంది, తేమ ఉండిపోతుంది. ఆ తేమ, కూలింగ్ కాయిలులోకి ద్రవాన్ని సన్నగా వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర మంచుగా మారి దారి మూసేస్తుంది, నూనెతో కలిసి ఆమ్లంగా మారి లోపలి భాగాలను తింటుంది.

చివరగా తూకం. బానెట్ కింద లేబులు మీద గ్యాసు పేరు, బరువు రాసి ఉంటాయి. చిన్న కార్లలో చాలావాటికి 350 నుంచి 500 గ్రాముల లోపే. 400 గ్రాములు పట్టే బండిలో “ఇంకొంచెం వేద్దాం సార్, చల్లగా ఉంటుంది” అని 100 గ్రాములు ఎక్కిస్తే పావు వంతు ఎక్కువైనట్టు. ఆ ఎక్కువ ద్రవం కండెన్సరు అడుగున నిలిచి, వేడి పోవాల్సిన చోటును ఆక్రమిస్తుంది. హైవే మీద తెలియదు, ట్రాఫిక్కులో బయటపడుతుంది. సిలిండరును తూకం మిషను మీద పెట్టి గ్రాముల లెక్కన నింపే షాపుకే వెళ్లండి. మిగిలిన గ్యాసు మీద ఇంకా నింపడం కాదు, ఉన్నదంతా తీసి, వ్యాక్యూమ్ పట్టి, మొదటి నుంచి తూచి నింపాలి. తీసేటప్పుడు గాలిలోకి వదలనివ్వద్దు. 1 కిలో ఆర్-134ఎ గాలిలో కలిస్తే, 100 ఏళ్ల లెక్కన 1,000 కిలోలకు మించిన కార్బన్ డయాక్సైడుతో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. మరీ చవకగా నింపుతామనే చోట వంటగ్యాసు జాతి వాయువులు కలిపిన సరుకు ఉండొచ్చు. అది చల్లబరుస్తుంది, కానీ మండుతుంది. చిన్నబిడ్డను ఎక్కించుకునే బండిలో దానికి చోటు లేదు.

గేజి అంకెలు నిజంగానే కంప్రెసరు పోయిందని చూపిస్తే మార్చక తప్పదు. అప్పుడు పాత కంప్రెసరులోంచి తీసిన నూనెను తెల్లగుడ్డ మీద పోసి చూడమనండి. నల్లగా ఉండి లోహపు మెరుపులుంటే లోపల అరిగిన రజను అన్ని గొట్టాల్లోకీ పోయింది. కొత్త కంప్రెసరు ఒక్కటే వేస్తే ఆ రజను దాన్నీ తినేస్తుంది. కండెన్సరు, డ్రయ్యరు, ఎక్స్‌పాన్షన్ వాల్వు కూడా మార్చాలి. ఇప్పటి కండెన్సర్లలో దారులు చాలా సన్నగా ఉంటాయి, వాటిని కడగడం కుదరదు. నూనె తేటగా ఉంటే కంప్రెసరు, డ్రయ్యరు చాలు. ఖర్చులో పెద్ద తేడా ఇక్కడే వస్తుంది కాబట్టి ఆ గుడ్డను మీ కళ్లతో చూడండి.

ఇదే జబ్బు కాని వాళ్లు కూడా ఈ పేజీ చదువుతారు కాబట్టి రెండు ముక్కలు. అరగంట బాగా చల్లబడి, తర్వాత గాలి జోరే తగ్గిపోతుంటే కూలింగ్ కాయిలు మీద మంచు కడుతోంది. ఏసీ ఆపి బ్లోయరు మాత్రం పావుగంట నడిపితే గాలి మళ్లీ వస్తుంది. చాలాసార్లు కారణం మూసుకుపోయిన క్యాబిన్ ఫిల్టరు, లేదా కాయిలు చలిని కొలిచే సెన్సరు. ఫిల్టరు చాలా కార్లలో గ్లవ్ బాక్సు వెనక ఉంటుంది, స్క్రూ డ్రైవరు కూడా అక్కరలేదు. వేపచెట్టు కింద ఆపే బండ్లలో మాఘ ఫాల్గుణాల్లో రాలిన ఆకు, ఉగాదికి రాలిన పూత అద్దం కింది జాలీలోంచి లోపలికి దిగుతాయి, ఎలుకలు అక్కడే గూడు కడతాయి. ప్రతి 10,000 కిలోమీటర్లకూ, మన దుమ్ముకు ఇంకా ముందే తీసి చూడాలి. కంప్రెసరు తిరుగుతూ, బానెట్ కింద లావు పైపు చేతికి చల్లగా తగులుతూ కూడా లోపల గోరువెచ్చటి గాలి వస్తుంటే హీటరు తలుపు మూసుకోవడం లేదు. చలి నాబు వెనకుండే కేబులు జారిందేమో చూడండి, క్లిప్పు తగిలిస్తే సరిపోయే పని అది.

మీ బండికి ఈ వరస పాటించండి: నీళ్ల పరీక్ష, కాగితం పరీక్ష, కండెన్సరు కడగడం, క్లచ్చి పళ్లెం చూడటం, గేజి రెండంకెలు, నైట్రోజను, లీకు మరమ్మతు, వ్యాక్యూమ్, తూకం. బాగయ్యేదాకా బిడ్డను మధ్యాహ్నం పూట ట్రాఫిక్కులోకి తీసుకుపోవద్దు. ఎండలో ఆగిన బండి ఎక్కేటప్పుడు నాలుగు తలుపులూ తీసి లోపలి సెగ పోనిచ్చి, అద్దాలు దించి ఒక కిలోమీటరు నడిపాకే ఏసీ వేసి, లోపలి గాలి బటను నొక్కండి. పని పూర్తయ్యాక రసీదు మీద మూడు అంకెలు రాయించుకోండి: ఎన్ని గ్రాముల గ్యాసు, ఎన్ని మిల్లీలీటర్ల నూనె, నిలబడి ఉన్నప్పుడు నడిమి వెంటులో ఎన్ని డిగ్రీలు. వచ్చే ఉగాదికి అదే థర్మామీటరు అదే వెంటులో పెట్టి చూడండి. రెండు మూడు డిగ్రీల కంటే ఎక్కువ తేడా వస్తే, గ్యాసు నింపమని కాకుండా లీకు వెతకమని చెప్పి బండి అప్పగించండి.